మా ఓటు అభిప్రాయమా, భయమా?

కమ్మ, రెడ్డి, కాపు ఓట్లు ఒకవైపు మళ్ళితే దానికి 'సమీకరణ' అని పేరు. మధ్యతరగతి మళ్ళితే 'ప్రజాభిప్రాయం'. మేం మళ్ళితే మాత్రం 'ఓటుబ్యాంకు'! మా ఓట్లని ఎవరో మూటగట్టి ఎత్తుకుపోయినట్టు. మాకు అభిప్రాయం ఉండదా?

ఈ ప్రశ్నతో అలీగఢ్ దాకా పోవాలి. అక్కడ ముస్లిం విశ్వవిద్యాలయం ఉంది. తాళాలు చేసే కార్మికుల గల్లీలూ ఉన్నాయి. రెండూ ఒకే పార్లమెంటు స్థానంలో. 1957లో అక్కడ కాంగ్రెస్ తరఫున జమాల్ ఖ్వాజా గెలిచారు. ఆ యూనివర్సిటీలోనే తత్వశాస్త్రం చెప్పిన మనిషి. ముస్లింలు మైనారిటీగా ఉన్న స్థానంలో గెలిచిన ముస్లిం. 1961 అక్టోబరులో విద్యార్థి సంఘం ఎన్నికల దగ్గర మొదలైన గొడవ మతకల్లోలమై ఊళ్ళోకి పాకింది. రాష్ట్రాన్ని ఏలుతున్నది కాంగ్రెసే. మరుసటి ఏడు ముస్లింలు కాంగ్రెస్‌ని వదిలేశారు. జాటవులతో కలిసి రిపబ్లికన్ పార్టీకి ఓటేశారు. అంబేడ్కర్ తలపెట్టగా, ఆయన పోయాక 1957లో ఏర్పడ్డ పార్టీ అది. దళితుడైన బుద్ధప్రియ మౌర్య 1962లో గెలిచారు.

దీన్నేమంటారు? మతం చూసి వేశారందామా, నిలబడ్డవాడు ముస్లిం కాడు. దెబ్బతిన్నవాళ్ళు, కాపాడతానన్న దొరని వదిలి, తమలాగే దెబ్బతిన్నవాళ్ళ పక్కన నిలబడ్డారు. ఇది ఆలోచన కాకపోతే ఆలోచన అంటే ఏమిటి?

ఆ తర్వాతి కథ అంత గొప్పగా లేదు. 1991 నుంచి 1999 దాకా వరసగా నాలుగుసార్లు బి.జె.పి. అభ్యర్థి షీలా గౌతమ్ గెలిచారు. అప్పట్నుంచి 'మాకెవరు కావాలి' అన్న ప్రశ్న వెనక్కి పోయింది, 'వీళ్ళని ఎవరు ఓడించగలరు' అన్నది ముందుకొచ్చింది. 2004లో కాంగ్రెస్, 2009లో బి.ఎస్.పి. నెగ్గాయి. 2014 నుంచి మళ్ళీ బి.జె.పి. 2019లో సతీష్ గౌతమ్ ఆధిక్యం 2 లక్షల 29 వేలు. 2024లో ఆయనే 15,647 ఓట్లతో గట్టెక్కారు. 2011 లెక్కల్లో జిల్లా జనాభాలో ముస్లింలు ఐదోవంతు. ఇంత తేడా ఆ ఐదోవంతు వల్లే వస్తుందా? మిగతావాళ్ళూ కదిలారు. వాళ్ళనెవరూ బ్యాంకు అనలేదు.

సెక్యులర్ మిత్రులు మాకు చెప్పే మాట ఒకటుంది: 'ఈసారికి తెలివిగా వేయండి.' అంటే ఎంచుకోవడం మీ వంతు, లెక్కలు కట్టడం మా వంతు! సెక్యులరిజం పల్లకీ మోసే బోయీలం మేమేనా?

భయం మా దగ్గర్నుంచి ఎత్తుకుపోయింది మా మధ్య ఉండాల్సిన తగాదాని. తాళాలకు పాలిష్ పట్టి ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకునేవాడికి కావలసింది కూలి, కరెంటు, దవాఖానా. ప్రొఫెసరుకి కావలసింది యూనివర్సిటీకి మైనారిటీ హోదా. రెండూ న్యాయమే, కానీ రెండూ ఒకటి కావు. పోలింగ్ నాడు ఇద్దరూ ఒకే గుర్తు నొక్కుతారు. అష్రాఫు, పస్మాందా అన్న తేడా ఆ ఒక్కరోజు మాయమవుతుంది. మర్నాడు మళ్ళీ మామూలే.

జమాల్ ఖ్వాజా తర్వాత అలీగఢ్ నుంచి ముస్లిం ఎవరూ లోక్‌సభకి వెళ్ళలేదు. అది అన్యాయమే. అయితే మా ప్రశ్న ఇంకొకటి కూడా: ఆ పాలిష్ కార్మికుడు తన కూలి కోసం, భయం లేకుండా, ప్రొఫెసరు మెచ్చినవాడికి వ్యతిరేకంగా ఓటేయగలిగేది ఎప్పుడు?