ఊరందరిదీ ఒకే కర్మా?

ఫ్లోరోసిస్ సర్వే ఫారంలో చాలా గడులు ఉంటాయి. పేరు, వయసు, ఈ ఊళ్ళో ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, తాగే నీళ్ళు బోరువా చేదబావివా, వంటకు ఏ నీళ్ళు వాడతారు, ఇంట్లో పాడి ఉందా, పళ్ళ మీద గార ఉందా. "ఇది నాకే ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్నకు మాత్రం గడి లేదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్ళల్లో ఆ ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినదాన్ని నేను. గడి లేని ఆ ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువగా విన్నాను. అడిగినవాళ్ళే జవాబూ చెప్పేసుకునేవాళ్ళు: "ఏ జన్మల ఏం పాపం జేసిన్నో బిడ్డా."

నేను దేవుణ్ణి నమ్మేదాన్నే. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను, ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించుకుంటాను. కర్మ సిద్ధాంతాన్ని ఎగతాళి చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. అది ఎంతవరకు చెల్లుతుంది, ఎక్కడ ఆగాలి అన్నదే నన్ను పట్టుకున్న సందేహం.

ముందు ఆ జబ్బు సంగతి. చిన్నతనంలో, ఇగుళ్ళ లోపల పళ్ళు తయారవుతున్న ఏళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్ళు తాగితే పళ్ళు సుద్దలా తెల్లబడి, తర్వాత గోధుమ రంగు చారలు పడతాయి. ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది. కీళ్ళను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు కూడా గట్టిపడి ఎముకలవుతాయి. మెడ తిరగదు, నడుం వంగిపోయి మళ్ళీ నిలవదు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. మోకాళ్ళు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ళ తీయమంటాం. గడ్డం రొమ్ముకు ఆనించమంటాం. చేతులు రెండు పక్కలకూ చాపి, మోచేతుల దగ్గర మడిచి తల వెనక్కి తాకించమంటాం. రోజూ చెరువు కట్ట మీద మట్టి మోసిన మనిషి ఆ రూపాయి దాకా చెయ్యి చాచలేక, నవ్వి, "కాదు మేడం" అంటాడు. ఎముక దాకా పోయాక దీనికి మందు లేదు.

ఇక కర్మ. మన ఇళ్ళల్లో చెప్పుకునే కర్మ ఒక్కో జీవికి విడివిడిగా ఉండే ఖాతా. ఎవరు చేసింది వారు అనుభవిస్తారు. ఒక ఇంట్లో ఒక మనిషికి జబ్బు చేస్తే ఆ లెక్క నప్పినట్టే ఉంటుంది. కానీ ఒక ఊళ్ళో బడికి వెళ్ళి పిల్లల్ని నోళ్ళు తెరవమంటే వరసగా అందరి పళ్ళూ ఒకేలా ఉంటాయి. పక్క ఊళ్ళో కాలవ నీళ్ళు తాగే పిల్లల పళ్ళు తెల్లగా ఉంటాయి. పాపాత్ములంతా ఏరి కోరి ఒకే బోరు చుట్టూ పుట్టారా? మనుషులే కాదు, పశువులూ కుంటుబడ్డాయి. నిజాం రాజ్యంలోనూ మద్రాసు ప్రెసిడెన్సీలోనూ 1930ల మధ్యలో పశువైద్యులు ఎద్దుల్లో ఈ లక్షణాలను గమనించి రాశారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో మనుషులకు వచ్చిన ఇదే జబ్బును గుర్తించి ప్రకటించారు. దర్శి, పొదిలి ప్రాంతాలన్నీ అప్పుడు ఆ జిల్లాలోవే, తర్వాత ప్రకాశం జిల్లాలో కలిశాయి. దేశంలో మనుషుల ఫ్లోరోసిస్ గురించిన చరిత్ర మన నేల మీదే మొదలైంది.

మా నాన్న ఆయుర్వేద వైద్యుడు. ఆయన వదిలిపోయిన పుస్తకాల్లో చరకసంహిత ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాన్ని దుమ్ము దులిపి పెట్టానే గాని తెరవలేదు. పదవీ విరమణ తర్వాత చదువుతూ విమానస్థానం మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. దాని పేరు జనపదోద్ధ్వంసనీయం. పాంచాల దేశంలో, కాంపిల్య నగరం దగ్గర, గంగ ఒడ్డున, ఎండాకాలంలో ఆత్రేయుడు శిష్యులతో నడుస్తుంటాడు. అగ్నివేశుడు గురువును ఒక ప్రశ్న అడుగుతాడు. మనుషుల ప్రకృతులు వేరు, తిండి వేరు, బలం వేరు, వయసు వేరు. అలాంటప్పుడు ఒకే రోగం ఒకే కాలంలో జనపదాన్నంతా ఎలా తుడిచిపెడుతుంది?

సర్వేకు వెళ్ళే ప్రతివాడూ మోసుకెళ్ళే ప్రశ్న అదే. ఆత్రేయుడు ఒక్కో మనిషి పూర్వజన్మ తవ్వలేదు. మనుషుల్లో వేరుగా ఉన్నవి అటుంచి, అందరికీ ఉమ్మడిగా ఉన్నవి చూడమన్నాడు. గాలి, నీరు, దేశం, కాలం. ఈ నాలుగూ చెడితే ప్రకృతులు వేరైనా ఫలితం ఒక్కటే. అవి ఎందుకు చెడతాయని అగ్నివేశుడు మళ్ళీ అడిగితే, అధర్మం వల్ల అన్నాడు. ఎవరి అధర్మం? ముందు దేశానికి, నగరానికి, జనపదానికి పెద్దలైనవాళ్ళది. వాళ్ళు ధర్మం తప్పి పాలిస్తే, వాళ్ళ కింది వాళ్ళు, వర్తకులు, ప్రజలు దాన్ని పెంచుతారు. జబ్బు పడ్డవాడి పాపం దగ్గర మొదలుపెట్టలేదు చరకుడు. పై నుంచి మొదలుపెట్టాడు.

జాఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యశాస్త్రవేత్త 1985లో రాసిన ఒక వ్యాసం మా జనారోగ్య రంగంలో అందరూ చదివేది. ఈ మనిషికే ఎందుకు జబ్బు వచ్చింది అన్నది ఒక ప్రశ్న. ఈ జనంలో ఈ జబ్బు ఇంతగా ఎందుకు ఉంది అన్నది వేరే ప్రశ్న. రెండిటికీ జవాబు ఒకటే అయి ఉండనక్కర్లేదంటాడు. ఊరంతా రోజుకు ఇరవై సిగరెట్లు కాల్చేవాళ్ళే అయితే, అక్కడ ఎంత పరిశోధించినా ఊపిరితిత్తుల కేన్సర్ వంశపారంపర్యంగా వచ్చే జబ్బులాగే కనిపిస్తుంది, ఎందుకంటే అందరిలోనూ ఉన్న కారణం ఎవరినీ వేరు చేసి చూపదు. ఊరందరూ అవే నీళ్ళు తాగే చోట నీళ్ళు కంటికి ఆనవు. మిగిలిన తేడాలే కనిపిస్తాయి. ఆ తేడాలకు శాస్త్రం వంశం అని పేరు పెడితే, మా ఊళ్ళు కర్మ అని పెట్టాయి.

ఒకాయన నన్ను నిలదీశాడు: "మా తమ్ముడు నేనూ గదే బాయి నీళ్లు తాగి పెరిగినం. వాడు నిటారుగ నడుస్తడు, నేను గిట్ల వంగిన. ఇది నా కర్మ గాకపోతే మరేంది?" అడిగితే తెలిసింది, తమ్ముడు మీసాలు రాకముందే భివండికి మగ్గం పనికి పోయాడు. ఈయన ఇక్కడే బావులు తవ్వాడు. ఎండలో పనిచేసేవాడు ఎక్కువ నీళ్ళు తాగుతాడు, నీళ్ళతో పాటు ఫ్లోరైడూ ఎక్కువ తాగుతాడు. ఇంట్లో పాడి లేదు, ఒంటికి కాల్షియం చాలదు. చాలనివాళ్ళ ఎముకలకు దెబ్బ ఎక్కువ. ఇవన్నీ చెప్పగలిగాను. అయితే ఇంకో ఇంట్లో కలిసి పుట్టి, కలిసి పెరిగి, ఒకే కుండలో గటక తిన్న అక్కాచెల్లెళ్ళలో చెల్లెలి కాళ్ళు మాత్రం మోకాళ్ళ దగ్గర లోపలికి వంకరపోయాయి. ఎందుకు అక్కకు రాలేదో నేను చెప్పలేకపోయాను. ఆ మిగులును దైవం అన్నా, కర్మ అన్నా నాకు అభ్యంతరం లేదు. మిగులును మొత్తంగా చూపించడం దగ్గరే నా పేచీ.

ఈ హద్దు గీయడం కొత్త సంగతేమీ కాదు. సంయుత్తనికాయంలో శీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనంటున్నారు కొందరు, మీరేమంటారు? బుద్ధుడు ఒప్పుకోడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, ఆ తర్వాత కర్మఫలం అని ఎనిమిది కారణాలు వరసపెడతాడు. కర్మ ఆ ఎనిమిదిలో ఒకటి. అంతా కర్మే అనేవాళ్ళు తమకు స్వయంగా తెలిసినదాన్నీ లోకం ఒప్పుకున్న నిజాన్నీ దాటిపోతున్నారంటాడు. చరకుడు కూడా అదే అధ్యాయంలో ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉందా అన్న చర్చకు దిగి, దైవం, పురుషకారం రెండూ కలిసి నడుస్తాయని, బలహీనమైన దైవాన్ని బలమైన ప్రయత్నం ఓడిస్తుందని తేలుస్తాడు. ఆయుష్షు స్థిరమైతే మందులెందుకు, రెచ్చిపోయిన ఏనుగు నుంచి తప్పుకోవడమెందుకు అని కూడా అడుగుతాడు.

అయితే చరకుడితో నాకు ఒకచోట పొసగదు. మా నీళ్ళు ఎవరి అధర్మం వల్లా చెడలేదు. నల్లగొండ కింద ఉన్నది గ్రానైటు రాయి, మనుషులు పుట్టకముందే ఏర్పడింది. దానిలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంది. క్షారగుణం ఉండి కాల్షియం తక్కువైన నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో ఏళ్ళకేళ్ళు నిలిస్తే ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. రాయికి పాపం లేదు. తెలియక బావి తవ్వినవాడికీ పాపం లేదు. మరి అధర్మం ఎక్కడ మొదలవుతుంది?

దీనికి జవాబు నాకు ఒక ముసలమ్మ దగ్గర దొరికింది. "పాపం కాదవ్వా, నీళ్ళల్ల ఉంది" అని సీసాలో రంగు కలిపి చూపించాను. ఎర్రటి రంగు కలిపితే ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంతగా వెలిసిపోతుంది. ఆమె సీసా చూసి ఊరట పడలేదు. "మరి గిన్నేండ్ల సంది ఎవలు చెప్పలేదేంది?" అంది. కర్మ అని ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఒక సమాధానం ఉంది. చేసుకున్నది అనుభవిస్తున్నానన్న ఓర్పు ఉంది. నేను ఆ ఓర్పు తీసేసుకున్నాను. ఊరికే తీసుకోవడానికి నాకేం హక్కుంది? ఆమె ప్రశ్నకు ఎవరో ఒకరు బాధ్యత పడితేనే ఆ హక్కు వస్తుంది.

1937కు ముందు ఆ జబ్బు దైవం కింద జమ. ఆ తర్వాత కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలారు. కృష్ణ నల్లగొండ జిల్లాను ఒరుసుకునే పారుతుంది, అయినా ఎత్తుమీది పడమటి ఊళ్ళు బోర్ల మీదే బతికాయి. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతాల్లో జొన్న తినే యువకుల మోకాళ్ళు లోపలికి వంకరపోవడాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం 2008-09లో మొదలైంది. ఇంటింటికీ పైపుల్లో మంచినీళ్ళిచ్చే తెలంగాణ పథకం మిషన్ భగీరథ తొలి దశను ప్రారంభించింది 2016లో. మొదటి ప్రకటనకూ ఈ పైపులకూ మధ్య రెండు తరాలకు పైగా గడిచాయి. ఆ తరాల నడుములు రాతి వల్ల వంగాయన్నది సగం నిజమే.

జనారోగ్య పరిశోధనను లెక్కల పని అనుకుంటారు. నాకు అది ధర్మాధర్మ విచారణలా అనిపిస్తుంది. తెలియనంతవరకు దైవం ఖాతాలో ఉన్న దుఃఖాన్ని తెలిసిన రోజున అది మనుషుల ఖాతాలోకి మారుస్తుంది. ఆ మార్పు జరిగాక "నేనేం పాపం చేశాను?" అని వంగినవాడు అడగడం తగదు. "నేను చేయాల్సిందేమి చేయలేదు?" అని నిటారుగా ఉన్నవాడు అడగాలి. ఈ నిటారు వరసలో ఫారాలు నింపిన నేనూ ఉన్నాను. నింపిన ఫారం బీరువాకు చేరి, ఊరికి ఫలితం చేరకపోతే తెలుసుకున్న పాపమే మిగులుతుంది.

మరి కారణం ఇంకా తెలియని చోట? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడితోటల మధ్య ఊళ్ళల్లో మూత్రపిండాలు చెడిపోతున్నాయి. షుగరు, రక్తపోటు లేనివాళ్ళకూ వస్తోంది. శ్రీలంకలో వరి పండించే ప్రాంతాల్లో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. నీళ్ళా, ఎండలో ఒళ్ళు ఎండిపోవడమా, పురుగుమందులా, వంశమా, అన్నీ కలిసా అన్నది ఎన్నో అధ్యయనాల తర్వాతా తేలలేదు. అక్కడ "మా కర్మ" అన్నవాళ్ళను నేను కాదనలేను. కానీ ఆ మాటను పాలించేవాళ్ళు, పరిశోధించేవాళ్ళు అనడానికి వీల్లేదు. దేశం చెడకముందే, ఓషధుల సారం పోకముందే మూలికలు సేకరించి పెట్టుకోమని ఆత్రేయుడు శిష్యులకు చెప్పాడు. కారణం తేలేదాకా మంచినీళ్ళు ఇవ్వడం, రక్తపరీక్షలు చేయడం, డయాలసిస్ దగ్గరలో ఉంచడం ఆ కోవలోకే వస్తాయి. తెలిసి చేయకపోవడం అధర్మమైతే, తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోవడం అంతకన్నా తక్కువ అధర్మం కాదు.