దుమ్ము ఎందుకు అంటుతుంది?

మల్దకల్ తిమ్మప్ప జాతరకు తరలివచ్చే, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ జనానికి వైష్ణవం ఇంటి సంగతి. అలంపురం వైపు నడిస్తే శైవం. ఇదే నేల మీద ఒకప్పుడు జినుణ్ణి కొలిచినవాళ్లూ ఉన్నారని మనం మరిచిపోయాం. గద్వాల పక్కన పూడూరులో కల్యాణి చాళుక్యుల కాలపు జైన శాసనం దొరికింది. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన జైనాలయం, మనవాళ్లు గొల్లత్తగుడి అంటారు, ఇప్పటికీ నిలిచి ఉంది. తుంగభద్ర దాటి ఇంకా దక్షిణానికి పోతే అనంతపురం జిల్లాలో కొనకొండ్ల. కుందకుందాచార్యుడి ఊరు అదేనని చరిత్రకారులు గుర్తించారు. దిగంబర జైనులు మంగళాచరణంలో మహావీరుడు, ఆయన శిష్యుడు గౌతమ గణధరుడి తర్వాత తలచుకునే పేరు ఆయనదే.

జైనం మహావీరుడితో మొదలు కాలేదు. ఆయన 24వ తీర్థంకరుడు, అంటే సంసారం దాటే దారి చూపినవాడు. అంతకు ముందువాడైన పార్శ్వనాథుడు అహింస, సత్యం, అస్తేయం, అపరిగ్రహం అనే నాలుగు వ్రతాలు చెప్పాడు; మహావీరుడు బ్రహ్మచర్యాన్ని విడిగా చేర్చి అయిదు చేశాడు. క్రీ.పూ. 527లో పావాపురిలో ఆయన నిర్వాణం పొందాడని సంప్రదాయం. మనం దీపావళి చేసుకునే అమావాస్యే జైనులకు ఆ నిర్వాణ దినం.

ఈ దర్శనంలో లోకాన్ని సృష్టించిన దేవుడు లేడు. లోకం అనాది. మట్టిలో, నీటిలో, నిప్పులో, గాలిలో, చెట్టులో కూడా జీవుడున్నాడు. జైన అహింస అంత కఠినంగా ఉండటానికి మూలం ఇదే. ఇక కర్మ. అది తలరాత అని మనం సరిపెట్టుకుంటాం. జైనులకు అది కంటికి కనపడనంత సన్నని పదార్థం. వచ్చి జీవుణ్ణి పట్టుకుంటుంది. ఎందుకు పట్టుకుంటుంది?

కుందకుందుడు ‘సమయసారం’లో దీనికి ఒక దృష్టాంతం చెప్పాడు. ఒంటినిండా నూనె పూసుకున్నవాడొకడు దుమ్ము నేల మీద సాము చేస్తాడు, ఆయుధం పట్టి చెట్లు నరుకుతాడు. ఒళ్లంతా దుమ్ము కొట్టుకుంటుంది. ఆ నూనె కడిగేసుకుని వచ్చి అదే చోట అదే సాము చేస్తే దుమ్ము అంటదు. అంటే దుమ్మును పట్టింది సాము కాదు, నూనె. ఆ నూనె మనసులోని రాగం. దుక్కి దున్ని, ఎర్రమట్టిలో మునిగి ఇంటికొచ్చే రైతుకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే ఇక్కడ జారిపడే ప్రమాదం ఉంది. మనసులో రాగం లేదు కనుక ఏం చేసినా తప్పులేదని ఎవరైనా అనగలరు. ఆ దారిని కుందకుందుడే ‘ప్రవచనసారం’లో మూసేశాడు. జీవి చచ్చినా బతికినా, ఒళ్లెరగకుండా నడిచేవాడికి హింస తప్పదన్నాడు. జాగ్రత్తగా మసలేవాడికి, ఎంత చూసుకున్నా పొరపాటున ప్రాణి చస్తే, ఆ హింస మాత్రాన కర్మబంధం లేదన్నాడు. దిగంబర మునుల చేతిలో నెమలి పింఛం అందుకే ఉంటుంది, కూర్చునే ముందు నేల మీది చీమను మెల్లగా పక్కకు తీయడానికి. అహింసకు కొలబద్ద చచ్చిన పురుగుల లెక్క కాదు, మన ఎరుక. ఇంత సూక్ష్మమైన మాట అన్నవాడు మన రాయలసీమ మనిషి కావడం నాకు గర్వంగా ఉంటుంది.

ఆయన మరో మాట ఇంకా కష్టంగా ఉంటుంది. పాపమే కాదు, పుణ్యమూ బంధమే. దానం చేసి ఫలం కోసం ఎదురుచూసినా నూనె పూసుకున్నట్టే. తీర్థంకరుడి ముందు జైనుడు చేతులు జోడిస్తాడు. కానీ శాస్త్రం ప్రకారం ఆయన వరమివ్వడు, శిక్షించడు. ఆయన గుణాలు తనలో మేల్కొనాలనే ఆ వందనం. పంట కోసం, పిల్లల కోసం తిమ్మప్పకు మొక్కుకునే కుటుంబంలో పెరిగిన నాకు ఏమీ అడగకుండా మొక్కడం ఇంకా చేతకాలేదు. నేర్చుకోవాలని మాత్రం ఉంది.