నడవడం, నడిపించడం

"ఆ పొద్దు నువ్వు నాతో నడిచినావా, నన్ను నడిపించినావా?"

నంద్యాలలో తన ఇంటి మిద్దెమీద ఆరిన బట్టలు మడతపెడుతూ నా స్నేహితురాలు ఈ మాట అడిగింది. కోపంగా అడగలేదు. మా నడక జరిగి అప్పటికి నాలుగు నెలలైంది. "నీతోనే నడిచినా కదే" అన్నాను వెంటనే. ఆమె ఇంకేం మాట్లాడలేదు. బస్సెక్కి ఆళ్లగడ్డలో మా ఇంటికి చేరేలోపు నాకర్థమైంది, నేను అబద్ధం చెప్పానని. ఈ వ్యాసం ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

మేమిద్దరం డిగ్రీలో కలిసి చదువుకున్నాం. నేను సాహిత్యంలో పరిశోధనకని హైదరాబాదు వెళ్ళాను. ఆమె నంద్యాలలో టీచరైంది. ముప్పై ఆరేళ్ళకి ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. రొమ్మునీ, చంకలోని లింఫు గ్రంథుల్నీ తీసేశారు. తర్వాత కీమోథెరపీ, రేడియేషన్. ఇంట్లోవాళ్ళు ఆమెని బాగా చూసుకున్నారు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఆ ప్రేమ మాట్లాడే భాషలో ఆమె ఎక్కడా కర్త కాదు. ఆమెని తీసుకెళ్ళారు, చూపించారు, ఆపరేషన్ చేయించారు, తినిపించారు, పడుకోబెట్టారు. చుట్టాలకి "చిన్న ఆపరేషన్" అని చెప్పారు. రొమ్ము అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

పదినెలలు గడిచాక ఒకరోజు ఫోన్ చేసి, "అహోబిలం కొండకి నడిచి పోతా, నువ్వు వస్తావా?" అంది. దిగువ అహోబిలం నించి ఎగువ అహోబిలానికి రోడ్డున 8 కిలోమీటర్లు. నల్లమల అడవిలో ఎక్కుడు దారి. నడవొచ్చనీ, అలిసిపోయేదాకా మాత్రం వద్దనీ డాక్టరు చెప్పారు. ఇంట్లో గొడవైంది. దేవుడికి మొక్కుకున్నానంటే ఎవరూ అడ్డుపడేవాళ్ళు కాదు. మోకాళ్ళమీద మెట్లెక్కినా భక్తి అనేవాళ్ళు. నాకోసం నేను నడుస్తాననేసరికి "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నారు.

చందా ఆలోచన నాది. 1983లో డల్లాస్‌లో రొమ్ము క్యాన్సర్ కోసం మొదలైన పరుగు తర్వాత ఎన్నో దేశాలకి పాకింది. హైదరాబాదులో కేబీఆర్ పార్కు దగ్గర జరిగే పింక్ రిబ్బన్ వాక్‌ని నేను చూశాను. మనమూ అలా చేద్దామన్నాను. తెలిసినవాళ్ళు 31 మంది కిలోమీటరుకి 50 రూపాయల చొప్పున ఇస్తామన్నారు. మొత్తం నడిస్తే 12,400 రూపాయలు. మా వైపు నించి రేడియేషన్‌కి కర్నూలు తిరుగుతున్న ఇద్దరు ఆడవాళ్ళ బస్సు చార్జీలకీ, తిండికీ అనుకున్నాం.

జనవరి నెలాఖరు. తెల్లారకముందే బయల్దేరాం. నాలుగు కిలోమీటర్లు కబుర్లతోనే గడిచాయి. ఐదు పూర్తయ్యాక ఆమె రోడ్డుపక్క రాయిమీద కూర్చుంది. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని ఉంది. "ఇంక చాలనిపిస్తాంది మే" అంది.

అప్పుడు నాలో ఏం జరిగిందో దాచకుండా రాయాలి. ముందు లెక్క గుర్తొచ్చింది. ఇక్కడ ఆగితే 7,750. ఇంకా 4,650 రావాలి. తర్వాత, ఎగువ అహోబిలం గుడి ముందు తీసి అందరికీ పంపాల్సిన ఫొటో. ఆ ఫొటోతో నేను రాద్దామనుకున్న వ్యాసం. "మూడే కదే. ఇంత దూరమొచ్చి ఆగిపోతే రేపు నువ్వే బాధపడతావు. నీకు చేతనవుతుంది" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. లేచి నడిచింది. ఆ మూడు కిలోమీటర్లూ మా మధ్య మాటల్లేవు. ఫొటోలో నవ్వుతూనే ఉంది.

మర్నాటికి చెయ్యి వాచింది. నడక వల్లే వాచిందని ఎవరం చెప్పలేం. లింఫు గ్రంథులు తీసేసిన వైపు చేతికి ఎప్పుడైనా వాపు రావొచ్చు. అయితే "చాలు" అన్న మాట ఆమె నోటినించి వచ్చింది. దాన్ని వినకుండా దాటేసింది నేను.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఇలాంటివి ఎలా జరుగుతాయో నేను చదువుకునే ఉన్నాను. ఆడ్రీ లార్డ్‌కి 1978లో రొమ్ము తీసేశారు. 1980లో వచ్చిన 'ద క్యాన్సర్ జర్నల్స్'లో ఒక సంఘటన ఉంది. ఆపరేషన్ తర్వాత ఆమె కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళితే, అది లేకుండా వస్తే మిగతావాళ్ళ మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలించింది. జబ్బు పడింది ఒకరు, ఇతరుల ధైర్యానికి పూచీ కూడా ఆమెదే. బార్బరా ఎరెన్‌రైక్ తన జబ్బు గురించి 2001లో రాస్తూ, గులాబిరంగు ఉత్సాహంలో కోపానికీ భయానికీ చోటే లేదని విమర్శించింది. ఈ రెండింటినీ నేను విద్యార్థులకి పాఠంగా చెప్పాను. ఆ కొండదారిలో మాత్రం ఆ నర్సు పని నేనే చేశాను.

మరి ఆమె కూర్చోగానే "సరే, దిగిపోదాం" అని చెయ్యి పట్టుకుని లేపి ఉంటే? అదీ సరికాదేమో. అలా చేస్తే ఇంట్లోవాళ్ళ పక్కన చేరేదాన్ని. "నీకెందుకమ్మా" అని ఆపడం, "నీకు చేతనవుతుంది" అని తొయ్యడం బయటికి ఎదురెదురు మాటల్లా ఉంటాయి. రెండింట్లోనూ ఆమె దేహం గురించి తీర్మానం ఇంకొకరిదే. మొదటిదాన్ని పితృస్వామ్యం అని మనం సులువుగా గుర్తుపడతాం. రెండోది మన భాషలో, మన స్నేహంలో, సాధికారత పేరుతో వస్తుంది కాబట్టి గుర్తుపట్టం. డాక్టర్లని నిలదీసి అడగడం స్త్రీల ఉద్యమం మనకి నేర్పింది. నేను స్నేహితురాలిని "ఏం చేద్దామంటావు?" అని అడగలేకపోయాను.

అలాగని తోడొచ్చినవాళ్ళు నోరుమూసుకుని నీడలా నడవాలనీ అనలేను. 1980 ఏప్రిల్ 12న టెర్రీ ఫాక్స్ ఒక కాలూ, ఒక కృత్రిమ కాలుతో కెనడా తూర్పుకొస నించి క్యాన్సర్ పరిశోధన కోసం పరుగు మొదలుపెట్టాడు. అతని గురించి చాలామందికి తెలుసు. వెంట వ్యాన్ నడిపిన స్నేహితుడు డగ్ ఆల్వార్డ్ గురించి తక్కువమందికి తెలుసు. వండిపెట్టింది, ముందుకెళ్ళి ఆగి నీళ్ళిచ్చింది అతనే. ఇద్దరూ మాటలు మానుకునేంతగా పోట్లాడుకున్నారు కూడా. సెప్టెంబరు 1న, 143 రోజులు, 5,373 కిలోమీటర్ల తర్వాత ఛాతీనొప్పితో టెర్రీ ఆగిపోయి, ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. ఆల్వార్డ్ వ్యాన్‌ని ఆసుపత్రి వైపు నడిపాడు. అవతలి సముద్రం ఇంకా ఎంతో దూరంలో ఉంది. ఆ పరుగు పూర్తికాలేదని ఈ రోజు ఎవరూ తక్కువచేసి మాట్లాడరు. ఆ స్నేహితుడి గురించి చదివినప్పుడల్లా నాకు అతని మీద కొంచెం అసూయ.

అంత దూరం పోనక్కర్లేదు. మేం నడిచిన రోజుల్లో అహోబిలంలో పారువేట జరుగుతోంది. సంక్రాంతి అవగానే నరసింహస్వామి పల్లకీలో కొండ దిగి, తన పెళ్ళికి పిలవడానికి నలభై రోజులకి పైగా ఊళ్ళమీద తిరుగుతాడు. ప్రతి ఊళ్ళోనూ పల్లకీ దించడానికి కట్టిన గద్దెల్ని తెలుపులంటారు. చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు చూశానో. తెలుపు దగ్గర పల్లకీ దిగితే స్వామి అలిసిపోయాడనో, ఓడిపోయాడనో ఎవరూ అనరు. ఆగడం ఆ ప్రయాణంలో భాగం. మోసేవాళ్ళకీ అదే విశ్రాంతి. కిలోమీటరుకి ఇంత అని రేటు కట్టినప్పుడు నేను ఆ దారిలో ఒక్క తెలుపూ ఉంచలేదు. ఆగితే డబ్బు తగ్గే ఏర్పాటు చేశాను. ఆ డబ్బు ఎదురుచూసేది తనలాంటి ఇద్దరు స్త్రీలే అయినప్పుడు, ఆగే హక్కు ఆమెకి ఎక్కడ మిగిలింది?

ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ పోదామంది. ఈసారి చందాలు ముందే, మొత్తంగా తీసుకున్నాం. ఎంత దూరమన్నది ఎవరికీ చెప్పలేదు. మూడో కిలోమీటరు దగ్గరో ఎక్కడో ఆమె ఆగింది. "ఎటు పోదాం?" అని అడిగాను. "కాసేపు కూచుందాం, తర్వాత చూద్దాం" అంది. కూర్చున్నాం. ఎగువకి పోయే బస్సు మా ముందునించే వెళ్ళింది.

అప్పుడు చెప్పాను, మిద్దెమీద అడిగిన ప్రశ్నకి జవాబు. "ఐదు కిలోమీటర్లు నీతో నడిచినా. మూడు కిలోమీటర్లు నిన్ను నడిపించినా."

ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కొంచెంసేపు అడవి వైపు చూసింది.

"సరిపోయింది లెక్క" అంది.