కట్టుత్రాటిలోని కారుణ్యము

సకల భూతములయందును శ్రీమన్నారాయణుడు అంతర్యామిగా వేంచేసియున్నాడనుట వైష్ణవ సిద్ధాంతమునకు మూలకందము. విద్యావినయములు గల బ్రాహ్మణునియందును, గోవునందును, ఏనుగునందును, శునకమునందును జ్ఞానులు సమదృష్టి గలిగియుందురని గీతాచార్యుడు ఐదవ అధ్యాయమున ఉపదేశించెను. ఆ ఉపదేశమును తలచి గృహస్థు వాకిట నిలిచిన కుక్కకు పిడికెడన్నము పెట్టును. అది పుణ్యకార్యమే. కాని అదే కుక్క మరునాడు వీధిని పోవు పసివానిని కరచినయెడల, ఆ దోషములో దానిని సాకినవానికి భాగము లేదా? సమదృష్టి శునకమునకు చెల్లి పసివానికి చెల్లకపోవునా? ఈ ప్రశ్న నేడు ప్రతి గృహస్థుని గడపయందును నిలిచియున్నది.

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. గుంటూరు నగరమున స్వర్ణభారతి నగర్‌లో 2025 ఏప్రిల్ నెలయందు నాలుగేండ్ల బాలుడు కుక్క దాడికి గురియై అసువులు బాసెను. 2023 ఫిబ్రవరి 19వ తేదీన హైదరాబాదు అంబర్‌పేటలో, తండ్రి కావలి పని చేయుచోటికి వెంటవచ్చిన అంతే వయస్సు గల బాలుని కుక్కల గుంపు చంపివేసెను. అంతకు నెల ముందే, అదే నగరములో బంజారాహిల్స్‌నందు, ఒక ఇంటికి భోజనము తెచ్చియిచ్చుటకు వచ్చిన యువకుడు ఆ ఇంటి పెంపుడుకుక్క తరుముకొని రాగా భయముచే మూడవ అంతస్తు నుండి దూకి, ఆస్పత్రిలో మరణించెను. మొదటి రెండు ఘోరములు బయట జరిగినవి. మూడవది యజమాని గల ఇంటి వాకిట జరిగినది. అన్నము తెచ్చినవాడు ఆ వాకిటనే ప్రాణాపాయమున పడుట కంటె గృహస్థధర్మమునకు కళంకమేమున్నది?

ఇట్టి వార్తలు విన్నపుడు కొందరు కుక్కజాతినే ద్వేషింతురు. రాళ్ళు రువ్వుదురు, విషము పెట్టుదురు. శాస్త్రము దీనిని సమ్మతింపదు. మహాభారత కథారంభముననే సరమ అను దేవశుని వృత్తాంతమున్నది. దాని బిడ్డ జనమేజయుని యజ్ఞశాల సమీపమునకు పోగా రాజసోదరులు దానిని కొట్టిరి. హవిస్సును చూడనైన చూడని నా బిడ్డను ఏల కొట్టితిరని సరమ నిలదీయగా వారు బదులు చెప్పలేకపోయిరి. తెలియరాని భయము మీకు కలుగుగాక యని అది శపించెను. చక్రవర్తియంతటివాడు ఆ శాపమునకు కలతచెంది, శాంతి చేయదగిన పురోహితుని వెదకికొనవలసివచ్చెను. నిరపరాధియైన మూగజీవిని హింసించుట అంతటి పాపము. కనుక విచారింపవలసినది కుక్క నేరమును గాదు, మనుష్యుని బాధ్యతను. మొరుగుట, తరుముట, కరచుట దాని స్వభావము. ఆ స్వభావమును ఎరిగి దానిని అదుపున నుంచుట యజమాని ధర్మము.

ధర్మరాజు మహాప్రస్థాన గాథ ఎరుగనివారుండరు. ఆ పర్వమును తెనిగించిన తిక్కన సోమయాజికి పితామహుడైన మంత్రి భాస్కరుడు గుంటూరి ప్రభువుగా పేరుగొన్నవాడు. కావున ఈ సీమవారికి ఆ కథ ఇంటికథ వంటిది. తమ్ములును ద్రౌపదియు దారిలో పడిపోగా, కడవరకు వెంటవచ్చినది శునకమొక్కటే. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను, నమ్మి వెంటవచ్చినదానిని విడుచుట మహాపాతకమని ధర్మజుడు స్వర్గమునే కాదనెను. ఆ శునకము ధర్మదేవతయై సాక్షాత్కరించెను.

ఈ కథను చెప్పుకొని కుక్కను పెంచువారు అనేకులు. కాని అందలి తాత్పర్యమును గ్రహించువారు కొలదిమంది. ధర్మరాజు కుక్కను ప్రేమించెననుటతో కథ ముగియలేదు. వెంటనున్న ప్రాణికి తానే పూచీయని ఆయన నిలిచెను. కుక్కపిల్ల ముద్దుగా నున్నంతకాలము ఒడిలో కూర్చుండబెట్టుకొని, అది పెరిగి తిండి ఎక్కువైనపుడో, జబ్బుపడినపుడో ఊరిబయట వదలివచ్చువాడు ధర్మరాజు నడచిన త్రోవకు ఎదురు నడచినవాడు. పత్తిచేలకు, మిరప కల్లములకు కావలిగా తెచ్చుకొన్న కుక్కను పంట ముగిసినంతనే అక్కడనే విడిచిపోవుటయు ఇట్టిదే. నేడు జనులు నిందించు వీధికుక్కలలో కొన్ని, నిన్న ఎవరో ఒకరు పేరుపెట్టి పిలిచిన కుక్కలే. విడువబడిన ప్రాణి ఆకలిగొని గుంపులో చేరును. గుంపులో చేరినది క్రూరమగును.

యజమాని పూచీ ఎట్లుండవలయునో చూపు గాథ శ్రీచైతన్య చరితామృతమున అంత్యలీలయందు కలదు. శివానందసేనుడను వంగదేశ భక్తుడు ఏటేట యాత్రికులను వెంటబెట్టుకొని పురుషోత్తమ క్షేత్రమునకు పోవుచుండెను. ఒకయేట ఒక కుక్కయు ఆ గుంపును వెంబడించెను. ఏరు దాటునపుడు పడవవాడు దానిని ఎక్కించుకొననని మొండికెత్తగా, శివానందుడు గవ్వలు చెల్లించి దానిని దాటించెను. ఒకనాడు సుంకపుచావడి యొద్ద ఆయనకు ఆలస్యమాయెను. సేవకుడు కుక్కకు అన్నము పెట్టుట మరచెను. తిరిగివచ్చి సంగతి తెలిసికొన్న శివానందుడు దానిని వెదకుటకు మనుష్యులను పంపి, అది కానరాకపోగా తానును ఉపవసించెను. తుదకు క్షేత్రము చేరి చూడగా, ఆ శునకము ప్రభువు సన్నిధిని కూర్చుండి ఆయన పెట్టు కొబ్బరిముక్కలను తినుచు కృష్ణనామము పలుకుచుండెనట. ఆ చైతన్య ప్రభువే దక్షిణయాత్రలో పానకాల నృసింహుని సేవించెనని అదే గ్రంథము చెప్పుచున్నది.

ఈ గాథలో గమనింపదగినది ఒకటి కలదు. ఆ కుక్క శివానందుడు కొన్నది కాదు, అడిగి తెచ్చుకొన్నదియు కాదు. తన గుంపున చేరినది గనుక దాని తిండికిని, దారికిని, పడవకూలికిని తానే కర్తనని ఆయన ఎంచెను. సేవకుని మరపును సైతము తన అపరాధముగా భావించి పస్తుండెను. కుక్క చేసిన గాయమునకు పనివానినో, కరవబడినవానినో తప్పుపట్టు యజమానులు ఈ భక్తుని తలంపవలయును.

పూచీ భావనకు మాత్రమే చెందినది కాదు, దండనీతికిని చెందినది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయములో యాదృచ్ఛికమునకును నిర్లక్ష్యమునకును భేదము చూపబడినది. ముకుత్రాడు తెగి బండి వెనుకకు పోయి ఎవరికైన హాని కలిగినచో బండివానికి దోషము లేదు. కాని కోరలు గల జంతువో, కొమ్ములు గల జంతువో ఒకని బాధించుచుండగా, విడిపింప శక్తి యుండియు యజమాని విడిపింపనిచో అతడు ప్రథమ సాహస దండమునకు పాత్రుడు. ఆ దండము ఆ స్మృతి లెక్కను 270 పణములు. బాధితుడు కేకలు వేసినను కదలనివానికి అంతకు రెట్టింపు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను, తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన తెనుగు పద్యములలో సంగ్రహించెను. ఇన్ని శతాబ్దుల క్రిందటనే పెద్దలు, నా కుక్క ఎవరినీ ఏమనదు అను మాటను సమాధానముగా అంగీకరింపలేదు.

నేటి శాసనమును ఆ మార్గముననే నడచుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, తన అధీనములోని జంతువు వలన మనుష్యప్రాణమునకు ముప్పుగాని, తీవ్రమైన గాయముగాని కలుగకుండ జాగ్రత్త వహింపనివానికి ఆరునెలల వరకు కారాగారము, 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము క్రూరమైనవని 23 జాతుల కుక్కలను నిషేధింప బూనగా, ఆ ఉత్తరువును మరునెలలోనే కర్ణాటక ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. జాతిని గూర్చిన వాదము ఎట్లున్నను, పగలెల్ల గొలుసుతో బిగించి, కొట్టి, రెచ్చగొట్టి, రాత్రి వీధిలోనికి విడిచినచో ఏ కుక్కయైనను క్రూరమే యగును. ఇరుగుపొరుగువారు భయపడుటను గొప్పగా తలచు యజమాని తన అహంకారమును నాలుగుకాళ్ళపై నడిపించుచున్నాడు.

కరచినపుడు కలుగు గాయముకన్న ఘోరమైనది రేబిస్ వ్యాధి. దాని లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసంభవము. కాని వేళకు సూదిమందు పడినచో ప్రాణము నిలుచును. 1885 జూలై 6న ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునకు ఆ మందు ఇప్పించి రక్షించెను. అయినను ప్రపంచమున ఈ వ్యాధి వలన ఏటేట మరణించువారు దాదాపు 59,000 మందియని అంచనా. వారిలో ప్రతి పదిమందిలో నలుగురు పదునైదేండ్లలోపు పిల్లలు.

మిరప పండు సీమలో చెప్పవలసిన మాట మరియొకటి కలదు. కుక్కకాటుపై కారము అద్దుట, సున్నము పట్టించుట కొన్ని ఇండ్లలో పూర్వాచారముగా వచ్చుచున్నది. అది విషమును హరింపదు, గాయమును రేపి అపాయమును పెంచును. చేయవలసినది వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యుని యొద్దకు పోవుట. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను భయముతో వెనుకాడు వృద్ధులు ఇంకను ఉన్నారు. ఆ సూదులు వాడుక తప్పి ఇరువదేండ్లు దాటినది. ఇప్పుడు చేతికి నాలుగైదు మారులు వేయించుకొన్న చాలును. తన కుక్కకు ఏటేట టీకా వేయించు యజమానియైతే ఈ అవస్థనే పొరుగువానికి తప్పించినవాడగును.

వీధికుక్కలకు అన్నము పెట్టు దయాళువులకును ఇదే ధర్మము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వాటికి శస్త్రచికిత్సయు టీకాయు చేయించు భారమును స్థానిక సంస్థలపై నుంచినవి. ఆహారము పెట్టు తావు పిల్లలు ఆడుకొను చోటునకును, ఇండ్ల ప్రవేశద్వారములకును, మెట్లకును దూరముగా నుండవలయునని ఆ నియమములే చెప్పుచున్నవి. బడివాకిట అన్నము కుమ్మరించి పుణ్యము మూటగట్టుకొనుట, ఆ పుణ్యపు మూల్యమును పసివారిచేత చెల్లించుటయే.

ధనుర్మాసమున తెల్లవారకమున్నే స్త్రీలు తిరుప్పావై సేవకై ఆలయమునకు నడతురు. తలపై అక్షయపాత్రతో, చిడతల సవ్వడితో, కాళ్ళకు చెప్పులైనను లేక హరిదాసు ఇంటింటి ముందుకు వచ్చును. చీకటితోనే పాలు పోయువారు, పత్రికలు వేయువారు, వీధులూడ్చు స్త్రీలు పనికి బయలుదేరుదురు. వీరిలో ఏ రూపమున భగవంతుడు వాకిటికి వచ్చునో ఎవరెరుగుదురు? ఆ వేళ గృహస్థు గేటు తెరచి కుక్కను విడిచినచో, హరిదాసు పాట సగములో ఆగిపోవును. ఆ పాట ఆగిన ఇంటిలో ముగ్గెంత పెద్దదైన నేమి, గొబ్బెమ్మలెన్ని యున్న నేమి?

మంగళగిరిపై వెలసిన నృసింహుడు హిరణ్యకశిపుని చీల్చిన ఉగ్రమూర్తియే. ఆ గోళ్ళును కోరలును పసివాడైన ప్రహ్లాదుని రక్షించుటకే వెలసినవి. ఆ స్వామి పానకములో సగము గ్రహించి సగము భక్తునకే విడుచునని ప్రతీతి. బలముగలది బలహీనునికి ఉపకరింపవలయుననియు, ఇంటిలోని ప్రేమలో సగము వీధిలోని వానికిని చెందవలయుననియు గృహస్థు అందుండి గ్రహింపవచ్చును. కుక్కకు అన్నము పెట్టు చేయి ఎంత పవిత్రమైనదో, దాని కట్టుత్రాటిని విడువక పట్టుకొను చేయియు అంత పవిత్రమైనదే. సర్వాంతర్యామియైన శ్రీమన్నారాయణుడు గృహస్థులకు ఆ రెండు విధములైన కారుణ్యమును ప్రసాదించుగాక.