గౌరవము - నమ్మకము

ఖడ్గముతో దేశమును గెలుచుట యొక పని. గెలిచిన దేశమును ఏలుట వేరొక పని. ఓడిన జాతి విద్యయందును నాగరకతయందును గెలిచినవారికంటె పెద్దదైనప్పుడు ఈ రెండవ పని మిక్కిలి కఠినమగును. అట్టి రాజు ఆ జాతి యాచారములను గౌరవించిన చాలునా? చీనాదేశమును ఏలిన మంగోలు చక్రవర్తి కుబ్లాయిఖాను చరిత్రమున నీ ప్రశ్న స్పష్టముగా గన్పట్టుచున్నది.

కుబ్లాయి చెంగిజ్‌ఖానుని మనుమడు. అతనికి ముందు, ఒగొదాయిఖాను కాలమున, ఉత్తరచీనా పొలములను గుఱ్ఱములకు పచ్చికబయళ్లు చేయుదమని కొందఱు మంగోలులు తలపోసిరి. యేలు చుత్సాయి యను మంత్రి, రైతు బ్రదికియున్నచో బొక్కసమునకు వచ్చు పన్ను లెక్కగట్టి చూపి, వారి నా యాలోచననుండి మరలించెను. 1260లో మహాఖానుడైన కుబ్లాయి ఇంకను దూరము నడచెను. 1271లో తన వంశమునకు ‘యువాన్’ అను నామమును చీనా ప్రాచీనగ్రంథమునుండి గ్రహించెను. నేడు బీజింగు ఉన్నచోట చీనాపద్ధతిని రాజధానిని గట్టించెను. షు హెంగ్ వంటి కన్ఫ్యూషియసు సంప్రదాయ పండితుల నాదరించెను. గువో షౌజింగ్ మొదలగువారు గణించిన క్రొత్త పంచాంగమును 1281లో అమలుపఱచెను.

ఇదంతయు ప్రశంసనీయమే. కాని చీనాలో సామాన్యుడు విద్యాబలముచే నుద్యోగ మందుటకు శతాబ్దులుగా నున్న మార్గము రాజపరీక్ష. దానిని కుబ్లాయి జరిపింపలేదు. 1294లో నతడు మరణించిన పిమ్మట, 1315లో గాని యది మరల జరుగలేదు. అధికారమున మంగోలులు మొదటివారు; మధ్యాసియా మొదలగు పశ్చిమదేశములవారు రెండవవారు; ఉత్తరచీనీయులు మూడవవారు; విద్యకు నిలయమైన దక్షిణచీనావారు కడపటివారు.

కొలదిమందియైన విజేతలు కోట్లజనమునకు తాళపుచెవు లిచ్చి యెట్లు నిలుతురని యొకరు మమ్ము నడుగవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. దక్షిణ సుంగ్ రాజ్యపు మంత్రి వెన్ టియెన్‌షియాంగ్ 1278లో పట్టువడగా కుబ్లాయి యతనికి పదవి నీయజూపెను. అత డొల్లక 1283లో మరణదండన నొందెను. అట్టి ప్రజను నమ్ముట సులభము కాదు. అయినను ఒక మహాపురుషునకు పదవి నిచ్చుట దయ. ప్రజలకు ద్వారము తెఱచుట న్యాయము. మొదటిది కుబ్లాయి చేయగోరెను, రెండవది చేయడయ్యెను. 1368లో నా వంశపు టేలుబడి చీనాలో నంతరించెను. కఱవులు, వఱదలు, కాగితపు నాణెముల పతనము, ఇట్లు కారణములు పెక్కు. కాని ఆ యాపత్కాలమున, తమకు పాలులేని రాజ్యమును కాపాడవలయునని ప్రజల కేల తోచును?

గౌరవించుటవలన ప్రభువునకు నష్టమేమియు లేదు. నమ్ముటకు అధికారమున కొంత పంచి యీయవలయును. కావున రెండవదానిచేతనే మొదటిదాని సత్యమును పరీక్షింపవలయునని మా యభిప్రాయము. ఈ పరీక్ష చక్రవర్తులకే కాదు. కోడలి పాటను పదిమందిలో మెచ్చుకొని, ఇంటి వ్యవహారమున నామె మాట నడుగని గృహములు నేటికిని కలవు. ఆ యింటి పెద్దలు కుబ్లాయి నిందకు పూనుకొనుటకు ముందు తమ తాళపుచెవు లెవరియొద్ద నున్నవో చూచుకొందురు గాక.