తినకపోతే తప్పెవరిది?

శంషాబాద్ విమానాశ్రయం కార్గోలో పనిచేసే మా అక్క కొడుకు ఒక ప్లాస్టిక్ డబ్బాలో టరాంటులా సాలీడు పిల్లను పెంచుతున్నాడు. గోరంత ఉంటుంది. "మామా, పది రోజులైంది, ఏమీ ముట్టడం లేదు" అని ఫోన్ చేశాడు. రోజూ బతికున్న ఇలకోడిని వేసి దాని దగ్గరికి నెడుతున్నాడట. అదేమో మూలకు జరుగుతోందట.

కుబుసం విడిచే ముందు సాలీడు తిండి మానేస్తుంది. విడిచాక ఒళ్లూ కోరలూ మెత్తగా ఉంటాయి. అప్పుడు డబ్బాలో మిగిలిన ఇలకోడే దాన్ని కొరికి చంపగలదు. తీసెయ్యి, నీటిచుక్క చాలు అన్నాను.

ఆకలి మనది కానప్పుడు తినిపించే హక్కు మనకెంత? హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లవాడు అన్నం ముట్టకపోతే పొగరంటాం. నేనూ ఒకడి నోట్లో ముద్ద కుక్కాను. కక్కుకున్నాడు. వాడి చేతే కడిగించాను. అది ఇంటి బెంగ అని అప్పుడు తోచలేదు.

దేశదేశాల్లో డబ్బాల్లో పెంచే నీలం టరాంటులా మన నల్లమల వైపుదే. గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికింది, 1899లో పోకాక్ దాని గురించి రాశాడు. దాని ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రలు. పేరు మాత్రం గుత్తిదే అంటుకుంది. రిజిస్టర్లో మన పిల్లల పేర్లు కూడా కొన్ని అలాంటివే.

పన్నెండో రోజు కుబుసం విడిచిందట. "ఇప్పుడు పెట్టనా మామా?"

"వారం ఆగు."

"అప్పటిదాకా నేనేం చెయ్యాలి?"

"మూత తీయకుండా చూస్తూ ఉండు" అన్నాను. డబ్బాలో ఎందుకు పెట్టావురా అని మాత్రం ఇంకా అడగలేదు.