నీటిబొట్టులోని జీవుడు

దేహము చిన్నదైనంత మాత్రమున దానియందలి జీవుడు చిన్నవాడగునా? ఈ ప్రశ్న వేదాంతమునకు కొత్తది కాదు. ఆత్మ దేహమంత పరిమాణము కలదని చెప్పిన జైనమతమును బ్రహ్మసూత్రములు రెండవ అధ్యాయమున నిరాకరించినవి. ఏనుగు దేహమునందున్న ఆత్మ చీమ దేహమును చేరునపుడు అందు పూర్ణముగా ఇముడజాలదు గదా అని భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఆ సూత్రములకు అర్థము చెప్పిరి. విశిష్టాద్వైతమున జీవుడు అణుస్వరూపుడు. ఏ దేహమునందున్నను అతని పరిమాణము ఒక్కటే. కర్మవశమున సంకోచవికాసములు పొందునది అతని జ్ఞానము మాత్రమే.

సిద్ధాంతముగా దీనిని అంగీకరించుట సులభము. కంటికి ఆనని ప్రాణి యెడల దీనిని ఆచరించుటయే కష్టము.

మెదకు జిల్లాలోని చేగుంటకు సముద్రము మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరము. హైదరాబాదు నుండి నాగపూరు పోవు రహదారిపై నున్న ఈ ఊరు ఎరిగినది చెరువునీరు, బావినీరు. అట్టి చోట ఒక గృహస్థు ఉప్పునీటి అక్వేరియం ఉంచుకొనదలచినచో సముద్రమును తానే కలుపుకొనవలెను. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున అందుకై తయారైన లవణమిశ్రమమును కరిగించవలెను. నీరు ఆవిరియై తగ్గినపుడు మంచినీరే పోయవలెను. ఉప్పు తొట్టిలోనే మిగిలియుండును గదా. చేపలు విసర్జించు అమ్మోనియా వాటికే విషము. దానిని మొదట నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చు బ్యాక్టీరియా నెలకొనుటకు కొన్ని వారములు పట్టును. ఆ ఓపిక లేక మొదటినాడే చేపను వదలినవాడు దానిని చంపుకొన్నవాడే యగును.

ఆ తొట్టి గాజుకు అంటిన పాచినుండి ఒక బొట్టు తీసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో వేరొక లోకము కనబడును. గాజుపెట్టెలవంటి కవచములు గల డయాటములు, నోటి చుట్టు నూగు తిరుగుడుతో చక్రమువలె తోచు రోటిఫరులు, నుదుట ఒకే ఎర్రని కన్ను గల కోపిపాడులు అందు సంచరించుచుండును. ఆడ కోపిపాడు తన గ్రుడ్లసంచిని వెంట మోసికొని తిరుగును. ఇట్టి సూక్ష్మప్రాణులను మొదట కన్నవారిలో ముఖ్యుడు హాలెండు దేశపు డెల్ఫ్టు పట్టణమున బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్. అతడు 1676లో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసిన లేఖలో వాననీటిలోను, సముద్రపు నీటిలోను తాను చూచిన ప్రాణులను వర్ణించెను. నేడు ఈ దర్శనము ధనికులకే పరిమితము కాదు. మను ప్రకాశ్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు అమెరికాలో తన సహచరులతో రూపొందించి 2014లో ప్రకటించిన కాగితపు సూక్ష్మదర్శిని పాఠశాల బాలుని జేబులో ఇమిడిపోవును.

కోపిపాడులు సముద్రమునకే చెందినవి కావు. వాటి జ్ఞాతులైన సైక్లాప్సులు గుంటలలో, దిగుడుబావులలో ఉండును. నారికురుపు వ్యాధి పూర్వము తెలుగునాట పల్లెలను పీడించినది ఈ సైక్లాప్సుల ద్వారానే. పురుగు పిల్లలను మ్రింగిన సైక్లాప్సులను మనుష్యులు నీటితో పాటు త్రాగుటచే అది సంక్రమించెడిది. దేశమున కడపటి రోగి 1996లో కనబడెను; 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఆ వ్యాధినుండి విముక్తమైనదిగా ప్రకటించెను. ఆ విజయమునకు ఉపకరించిన సాధనములలో ఒకటి నీరు వడగట్టు గుడ్డ. నీరు వడగట్టి త్రాగుమన్న పెద్దల నియమము ప్రాణిరక్షణకా, ఆత్మరక్షణకా అని వాదించువారు కలరు. గుడ్డను ఎండలో విదల్చిన అది ఆత్మరక్షణ. నీరు తెచ్చిన చోటనే తిరుగవేసి ముంచి జాడించిన రెండును. పనిలో భేదము అంతయే.

సూక్ష్మదర్శిని కలవానికి ఈ భేదము మరింత సన్నిహితమగును. దీపపు వేడికి గాజుపలకపై బొట్టు ఎండుచుండగా ఉప్పు చిక్కబడును. ప్రాణి చలనము మందగించును. చూచువాడు అది విశ్రమించినదని భ్రమపడును. జాలిపడి మంచినీరు చుక్క వేసినచో ఆ నీరు దేహములోనికి చొరబడి దానిని ఉబ్బించి చంపును. తెలియని దయ కూడ ఇట్లు ప్రాణహాని చేయగలదు. చేయదగినది ఒక్కటే: త్వరగా చూచి బొట్టును తొట్టిలోనికే తిరిగి జార్చుట.

తొట్టిలోని చేప వందల కోపిపాడులను తినుచుండగా ఒకదానిని కాపాడిన ప్రయోజనమేమి అని అడుగవచ్చును. ఈ ఆక్షేపము తేలికైనది కాదు. చేప తినుట దాని ప్రకృతి. మనుష్యుని ఉపేక్ష ప్రకృతి కాదు, అనునంతవరకు సమాధానము చెప్పవచ్చును. ఐనను ఆ చేపను అచ్చటికి తెచ్చినది మనుష్యుడే గదా. మాండరిన్ అను రంగుల చేప ప్రధానముగా ఇట్టి కోపిపాడులనే తిని బ్రదుకును. అందమునకు ఆశపడి కొత్త తొట్టిలో వదలినచో నెలల తరబడి కృశించి చచ్చును. బొట్టులో ప్రాణులెన్ని కలవో చూచి, చాలవని తెలిసి, ఆ చేపను కొనక మానుకొన్నవాని చేతిలో సూక్ష్మదర్శిని వినోదవస్తువు కాదు. కొన్ని విషయములలో నిర్ణయము గృహస్థునకు వదలబడలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలో 2001లో పగడపు జీవులను, సముద్రాశ్వములను చేర్చిరి.

శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా దోసిట చిన్న చేప పడెను. మొదట అతడు దానిని నదిలోనే విడిచివైచెను. పెద్ద చేపలు మ్రింగునని అది శరణు వేడినపిదప కలశమున ఉంచెను. దానిని శ్రీహరి యని ఎరిగి రక్షించినవాడు కాడు. వేడినది కనుక రక్షించెను. కలశము చాలకున్న పెద్దపాత్రకు, అదియు చాలకున్న కొలనునకు, మడుగునకు, తుదకు సముద్రమునకు మోసికొనిపోయెను.

చేగుంట గృహస్థునకు ఆ వసతి లేదు. పెరిగి తొట్టి చాలని చేపను ఊరి చెరువులో విడిచినచో మంచినీటిలో అది బ్రదుకదు. కావున సత్యవ్రతుడు పిదప వెదకుకొన్న పాత్రను ఇతడు చేపను తేకమునుపే కొలిచి చూచుకొనవలసియున్నది.